పాపం నుండి విడుదల, క్రీస్తుతో ఐక్యత: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిలు తరగతుల్లోను, కూటములు ముగిశాక ఆగి మాట్లాడేవారి దగ్గర, బాప్తిస్మానికి సిద్ధపడుతున్న యువతీయువకుల దగ్గర అవే సందేహాలు మళ్లీ మళ్లీ వినబడుతున్నందున వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాము. ప్రశ్నలను వీలైనంతవరకు అడిగినవారి మాటల్లోనే ఉంచాము. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాము కాబట్టి మీకు అవసరమైన ప్రశ్న దగ్గరే చదవడం మొదలుపెట్టవచ్చు. ఆధారం ముఖ్యంగా అపొస్తలుడైన పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన పత్రిక (రోమా పత్రిక) 5 నుండి 8 వరకు గల అధ్యాయాలు.

## మొదట తెలుసుకోవలసినవి

క్రీస్తు పరలోకంలో ఉన్నాడు, మనం ఇక్కడ ఉన్నాం. మరి ఆయనతో ఐక్యం కావడం అంటే ఏమిటి?

పరిశుద్ధాత్మ విశ్వాసిని క్రీస్తుకు జతపరుస్తాడు. అందువల్ల క్రీస్తు మరణ పునరుత్థానాలు విశ్వాసికి కూడా చెందినవిగా దేవుడు ఎంచుతాడు, క్రీస్తు జీవమే విశ్వాసిలో పనిచేస్తుంది. దీనినే ఐక్యత అంటున్నాము. ఇందులో ప్రాతినిధ్యం ఉంది, జీవసంబంధమూ ఉంది. రోమా 5వ అధ్యాయంలో పౌలు మానవాళినంతటినీ ఇద్దరు మనుష్యుల కింద నిలబెట్టి, ఆదాము అవిధేయత అతనికి చెందినవారందరి మీదికి వచ్చినట్టే క్రీస్తు విధేయత ఆయనకు చెందినవారందరికీ వర్తిస్తుందని చూపుతాడు. యోహాను 15వ అధ్యాయంలోనైతే ప్రభువే తనను ద్రాక్షావల్లిగాను, శిష్యులను తీగెలుగాను చెప్పి, తనకు వేరుగా ఉండి వారు ఏమీ చేయలేరని స్పష్టం చేశాడు. ఈ పని చేసేవాడు ఆత్మ గనుక పరలోకానికి, భూమికి మధ్యనున్న దూరం దానికి అడ్డు కాదు.

ఇది అద్వైతంలో చెప్పే ఐక్యం లాంటిదేనా?

పైకి పోలిక కనిపించవచ్చు గాని రెండూ వేరు. అద్వైత వేదాంతం ప్రకారం జీవాత్మకు, పరమాత్మకు మధ్య తోచే భేదం అవిద్య వల్ల కలిగినది. జ్ఞానం ఉదయించినప్పుడు అది తొలగిపోతుంది. క్రైస్తవ విశ్వాసం ప్రకారం సృష్టికర్తకు, సృష్టికి మధ్యనున్న భేదం నిజమైనది, నిత్యత్వంలో కూడా నిలిచేది. దేవుని జీవంలో మనిషి పాలుపొందడం గురించి ఎంతో గట్టిగా మాట్లాడే తూర్పు ఆర్థడాక్సు సంఘాలు సైతం మనిషి దేవుని సారంలో కలిసిపోడని కచ్చితంగా బోధిస్తాయి. "క్రీస్తే నాయందు జీవించుచున్నాడు" అని గలతీ 2:20లో చెప్పిన పౌలు అదే వచనంలో ఆ దేవుని కుమారుడు తనను ప్రేమించాడని కూడా చెప్పాడు. ప్రేమించేవాడు, ప్రేమించబడేవాడు ఇద్దరూ అక్కడ ఉన్నారు. మీరు మీరుగానే ఉంటారు, అయితే ఇక ఒంటరిగా ఉండరు.

యేసు నా పాపాలకు శిక్ష భరించాడని నమ్మితే చాలదా? ఈ ఐక్యత అనే బోధ అదనంగా ఎందుకు?

ఇది అదనంగా చేర్చిన బోధ కాదు. యేసు భరించిన శిక్ష నాకు ఎలా వర్తించింది అనే ప్రశ్నకు జవాబు ఇదే. క్రీస్తు మనకు వెలుపల ఉన్నంతకాలం ఆయన చేసినదేదీ మనకు ప్రయోజనపడదని 16వ శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ బోధించాడు. ఆ ఒక్క బోధను గట్టిగా పట్టుకుంటే ఎన్నో చిక్కులు విడిపోతాయని మా నమ్మకం. పాపం మనిషికి రెండు విధాలుగా కీడు చేస్తుంది: దేవుని ఎదుట దోషిగా నిలబెడుతుంది, రోజువారీ జీవితంలో యజమానిగా ఏలుతుంది. క్షమాపణను మాత్రమే విన్న విశ్వాసి దోషం తొలగిందని సంతోషిస్తూనే, ఏలుబడి మాత్రం చనిపోయేవరకు తప్పదని సర్దుకుపోతాడు. క్రీస్తును పొందినవాడు ఆ రెండింటికీ విరుగుడు పొందుతాడు, ఎందుకంటే క్షమాపణను ఇచ్చే క్రీస్తు, కొత్త జీవాన్ని ఇచ్చే క్రీస్తు ఒక్కడే. ఆయనలో సగం తీసుకొని సగం వదిలిపెట్టడం సాధ్యం కాదు.

"పాపం విషయమై చనిపోయాం" అంటారు. కానీ నాకు ఇంకా కోపం వస్తోంది, చెడు తలంపులు వస్తున్నాయి. అయితే చనిపోయింది ఎవరు?

ఎక్కువమంది విశ్వాసులు తడబడేది ఇక్కడే కాబట్టి దీనికి కాస్త నిదానంగా జవాబు చెప్పాలి. పాపానికి చనిపోవడమంటే పాపం పట్ల ఏ స్పందనా లేకుండా శవంలా మారడమని చాలామంది ప్రసంగాల్లో విన్నారు. అలా విన్నవారు శోధన కలిగిన ప్రతిసారీ "నేను ఇంకా చావలేదు" అనుకొని, మరొకసారి చనిపోవడానికి ప్రయత్నించి అలసిపోతారు.

రోమా 6:10 ఈ అపార్థాన్ని తీసివేస్తుంది. అక్కడ పౌలు క్రీస్తు కూడా పాపం విషయమై చనిపోయాడని అంటాడు. క్రీస్తులో ఏనాడూ దురాశ లేదు గనుక, ఆ మాటకు కోరికలు చల్లారిపోవడమనే అర్థం ఉండే వీలు లేదు. పాపము, మరణము రాజ్యమేలుతున్న ఈ లోకంలోకి ఆయన మన కోసం వచ్చి, మన పాపభారాన్ని మోసి, సిలువ మీద దాని దావా అంతటినీ తీర్చి, మరణానికి ఇక ఏమాత్రం అధికారం లేని జీవంలోకి లేచాడు. పాపంతో ఆయనకున్న లెక్క ఒక్కసారే, శాశ్వతంగా ముగిసింది. ఆయనకు జతపరచబడినవారి లెక్క కూడా అక్కడే ముగిసింది.

ఈ పత్రికను పౌలు సుమారు క్రీ.శ. 57లో కొరింథు నుండి రాశాడు. దాన్ని విన్న రోమా సంఘంలో బానిసలు, విడుదల పొందిన బానిసలు ఉండి ఉంటారనడానికి 16వ అధ్యాయంలోని కొన్ని పేర్లే సూచనలని పండితులు చెబుతారు. బానిస చనిపోతే యజమాని అధికారం అక్కడితో ఆగిపోతుందని వారికి ఎవరూ వివరించనక్కరలేదు. కాబట్టి చనిపోయినది ఆదాములో ఉన్న మీరు, అంటే పాపానికి ఆస్తిగా ఉన్న పాత మనిషి. మీ కోపం ఇంకా మిగిలి ఉంది, కానీ మిమ్మల్ని తన సొత్తుగా లాక్కుపోయే హక్కు దానికి లేదు. పాపం మీ దగ్గర లేదని పౌలు ఎక్కడా అనలేదు. "పాపము మీమీద ప్రభుత్వము చేయదు" అన్నాడు.

## రక్షణ, బాప్తిస్మం

బాప్తిస్మం తీసుకోగానే పాపం నుండి విడుదల వస్తుందా? నీళ్లలో ఏదైనా శక్తి ఉందా?

బాప్తిస్మం మనలను క్రీస్తు మరణంలోనికి తీసుకువెళ్తుందని రోమా 6:3–4 చెబుతుంది గనుక దాన్ని ఒట్టి ఆచారంగా చూడకూడదు. అదే సమయంలో, బాప్తిస్మం పొందిన గారడీవాడైన సీమోనుతో అతని హృదయం దేవుని ఎదుట సరైనది కాదని పేతురు చెప్పిన సంగతి అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఉంది. దేవుడు బాప్తిస్మం ద్వారా కృపను అనుగ్రహిస్తాడని రోమన్ కాథలిక్కు, లూథరను సంఘాలు బోధిస్తాయి. విశ్వాసం ద్వారా ముందే కలిగిన ఐక్యతకు అది గుర్తు, ముద్ర, సాక్ష్యం అని బాప్టిస్టులు, మరికొందరు అంటారు. విశ్వాసం లేని నీళ్లు ఎవరినీ విడిపించవన్న దానిలో మాత్రం వీరందరూ ఏకీభవిస్తారు.

మన ప్రాంతపు చరిత్రలోనే దీనికొక ఉదాహరణ ఉంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒకే రోజున బాప్తిస్మం పొందారు. అంతకుముందు తీవ్రమైన కరువు రోజుల్లో, తిండి కోసమే వస్తున్నారన్న సందేహానికి తావులేకుండా, మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలను నిలిపివేసి ఉంచాడు. విశ్వాసాన్ని నీళ్లకంటే ముందు చూడాలన్న ఆ జాగ్రత్త సరైనదని మేము భావిస్తున్నాము.

చిన్నప్పుడు చిలకరింపు బాప్తిస్మం ఇచ్చారు. ఇప్పుడు ముంచడం ద్వారా మళ్లీ తీసుకుంటేనే ఐక్యత కలుగుతుందా?

మీ ఐక్యత నీటి పరిమాణం మీద ఆధారపడి లేదు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, దక్షిణ ఇండియా సంఘం శిశువులకు బాప్తిస్మం ఇస్తాయి; బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలు విశ్వసించినవారిని ముంచుతాయి. ఈ భేదం చిన్నది కాదు, దాని మీద ఎవరి మనస్సాక్షి వారికి ఉంది. మీ సంఘ కాపరితో కూర్చొని మాట్లాడి నిర్ణయించుకోండి. అయితే "ఆ పాపం నన్ను వదలడం లేదు, మళ్లీ మునిగితే వదులుతుందేమో" అనే ఆశతో మాత్రం నీళ్లలోకి దిగకండి.

## పోరాటంలో ఉన్నప్పుడు

పాపానికి చనిపోయినట్టు "ఎంచుకొనుడి" అని ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకోమనా?

కాదు. రోమా 6:11లో ఆ ఆజ్ఞ రాకముందు పది వచనాల్లో పౌలు ఇప్పటికే జరిగిపోయినదాన్ని వివరించాడు. ఎంచుకోవడం వల్ల ఆ సంగతి నిజం కాదు. అది నిజం గనుక ఎంచుకోమంటున్నాడు. మన దేశంలో 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినప్పుడు వెట్టివారి మీద ఉన్న అప్పులు చట్టరీత్యా రద్దయ్యాయి. అయినా ఆ సంగతి తెలియకనో, తెలిసినా భయం వదలకనో, దొర కబురు పెడితే పనికి వెళ్లినవారు ఉన్నారు. అటువంటివాడు "నేను ఇతనికి బాకీ లేను" అని తనకు తాను చెప్పుకొని గడప దగ్గరే నిలబడిపోతే, అతడు ఊహల్లో బతుకుతున్నట్టా? ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి వాస్తవంలో బతుకుతున్నట్టు. శోధన వచ్చినప్పుడు విశ్వాసి చేయవలసినది అదే: "నేను క్రీస్తుకు చెందినవాడను, నీకు బాకీ లేను" అని ఎంచుకొని, ఆ వెంటనే తన కళ్లను, చేతులను, నాలుకను దేవునికి అప్పగించడం. 11వ వచనం తర్వాత 13వ వచనం ఉన్నది అందుకే.

రోమా 7లో పౌలే "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్నాడు. ఆయనకే సాధ్యం కాకపోతే మనమెంత?

ఆ మాటలు ఎవరి అనుభవమన్న దానిపై సంఘ చరిత్రలో ఏకాభిప్రాయం లేదు. ఆది కాలపు గ్రీకు వ్యాఖ్యాతలలో చాలామంది, ధర్మశాస్త్రం కింద ఉన్న మనిషి, అంటే క్రీస్తును ఇంకా ఎరుగని మనిషి, అక్కడ మాట్లాడుతున్నాడని అనుకున్నారు. తొలి శతాబ్దాల సంఘ బోధకుడైన అగస్టీను మొదట అదే అభిప్రాయంలో ఉండి, తర్వాతి కాలంలో అది విశ్వాసి పోరాటమేనని మనసు మార్చుకున్నాడు. సంస్కర్తలైన లూథరు, కాల్విన్ అతని వెంట నడిచారు. రెండు వైపులా భక్తిపరులైన పండితులు నేటికీ ఉన్నారు.

ఏ వైపు మొగ్గినా ఒక సంగతి గమనించాలి. 7వ అధ్యాయం 7 నుండి 25 వరకు గల వచనాల్లో "నేను" అనే మాట పదేపదే వినబడుతుంది గాని పరిశుద్ధాత్మ ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు. 8వ అధ్యాయంలో ఆత్మ ప్రస్తావన వచనం వెంట వచనంగా వస్తుంది. మంచి ఆజ్ఞ, మంచి ఉద్దేశం, గట్టి పట్టుదల ఉన్నా మనిషి తన బలంతో పాపాన్ని జయించలేడని 7వ అధ్యాయం నేర్పుతుంది. "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అన్న కేక నిజమైనదే, అది మన నోట కూడా వస్తుంది. కానీ పౌలు ఆ కేక దగ్గర ఆగిపోలేదు, వెంటనే యేసుక్రీస్తు ద్వారా దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు. ఓడిపోవడానికి అనుమతిపత్రంగా ఈ అధ్యాయాన్ని వాడుకోవడం దాని ఉద్దేశానికే విరుద్ధం.

ఒకే పాపంలో పదేపదే పడిపోతున్నాను. తాగుడు, ఫోనులో చూడకూడనివి చూడడం మానలేకపోతున్నాను. నేను నిజంగా రక్షణ పొందలేదా?

ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా ఎంతో సిగ్గుతో, ఎవరికీ చెప్పుకోలేక అడుగుతారు. ముందుగా ఇది వినండి: పాపం మీద అసహ్యం, దాన్ని వదిలించుకోవాలన్న ఆరాటం మీలో ఉండడం ఆత్మ మీలో పనిచేస్తున్నాడనడానికి గుర్తు కావచ్చు. శరీరానికి, ఆత్మకు మధ్య పోరాటం ఉంటుందని గలతీ 5:17 విశ్వాసులకే రాసింది. అయినా పోరాడుతున్నామన్న మాటతో సంతృప్తిపడి అక్కడే ఉండిపోకూడదు.

చాలామంది పోరాటాన్ని "ఎలా విడుదల పొందాలి?" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. సువార్త "మీరు విడుదల పొందినవారు" అన్న చోట మొదలవుతుంది. అక్కడ నిలబడి, ఆత్మ సహాయంతో శారీర క్రియలను చంపమని రోమా 8:13 ఆజ్ఞాపిస్తుంది. చంపడం మెత్తటి మాట కాదు. ఏ సమయంలో, ఎవరితో ఉన్నప్పుడు, ఏ అలసటలో పడిపోతున్నారో గుర్తించి ఆ దారిని మూసివేయండి. రాత్రిపూట ఫోను వేరే గదిలో పెట్టడం ఆత్మీయతకు తక్కువైన పని కాదు. నమ్మదగిన ఒక్కరి దగ్గర, యాకోబు 5:16 చెప్పినట్టు, పాపాన్ని నోరు తెరిచి ఒప్పుకోండి. దాచిపెట్టినంతకాలం దానికి బలం ఉంటుంది.

తాగుడు విషయంలో మరొక మాట తప్పకుండా చెప్పాలి. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలిగే అవకాశం ఉంది, కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో ఆపాలి. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు. మీ శరీరం కూడా క్రీస్తుకు చెందినదే.

మా ఇంట్లో తాతల నుండి ఈ పాపం ఉంది. ఇది తరతరాల శాపమా? విడుదల కూటంలో ప్రార్థన చేయించుకుంటే పోతుందా?

అలవాట్లు, గాయాలు, కోపాలు ఒక తరం నుండి మరొక తరానికి వస్తాయన్నది నిజం. అయితే క్రీస్తులో ఉన్నవారి మీద ఒక శాపం ఇంకా మిగిలి ఉందని, దాన్ని తెంచడానికి ప్రత్యేకమైన వ్యక్తి, ప్రత్యేకమైన ప్రార్థన, కొన్నిసార్లు ప్రత్యేకమైన కానుక కావాలని చెప్పడం వాక్యానుసారం కాదు. క్రీస్తు మన కోసం శాపమై మనలను విమోచించాడని గలతీ 3:13 చెబుతుంది. కుమారుడు తండ్రి దోషాన్ని భరించడని యెహెజ్కేలు 18వ అధ్యాయం చెబుతుంది. మీ కోసం ఎవరైనా ప్రార్థిస్తే సంతోషంగా అంగీకరించండి. కానీ సిలువ మీద పూర్తయినదాన్ని పూర్తి చేస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడి నుండి లేచి రండి.

## పడిపోయిన తర్వాత

పాపం చేసిన ప్రతిసారీ క్రీస్తుతో ఐక్యత తెగిపోతుందా?

తెగిపోదు. ఐక్యత వేరు, ఆ ఐక్యతలోని సహవాసపు ఆనందం వేరు. పాపం ఆత్మను దుఃఖపరుస్తుంది, ప్రార్థనను బరువెక్కిస్తుంది, మనస్సాక్షిని గాయపరుస్తుంది. అయినా 1 యోహాను 2:1 పాపం చేసిన విశ్వాసికి తండ్రి దగ్గర ఉత్తరవాది, అంటే అతని పక్షాన మాట్లాడే క్రీస్తు, ఉన్నాడని చెబుతుందే తప్ప, అతడు మొదటి నుండి మళ్లీ రక్షణ పొందాలని చెప్పదు. నిజమైన విశ్వాసి చివరికి క్రీస్తును పూర్తిగా విడిచిపోగలడా అన్నది వేరే ప్రశ్న. కాల్విన్ బాటలోని సంఘాలు పోలేడని, వెస్లీ బాటలోని సంఘాలు పోయే ప్రమాదం ఉందని బోధిస్తాయి. ఒక్క పాపంతో దేవుడు మనలను తెంచి పారవేస్తాడని మాత్రం ఆ రెండూ అనవు. పడినచోట ఆలస్యం చేయకుండా ఒప్పుకోండి. 1 యోహాను 1:9 ఆయనను నమ్మదగినవాడు అనడమే కాదు, నీతిమంతుడు అని కూడా అంటుంది: క్రీస్తు ఇప్పటికే భరించిన దోషాన్ని క్షమించడం ఆయన నీతికి తగినదే.

కృప ఉంది కదా. ఇప్పుడు చేసి తర్వాత ఒప్పుకుంటే సరిపోదా?

రోమా 6:1–2లో పౌలు ఈ ప్రశ్నను ముందే ఊహించి, "అట్లనరాదు" అని జవాబిచ్చాడు. ఆయన భయపెట్టలేదు, ఆ ఆలోచనే అసంభవమని చూపించాడు. 1 కొరింథీ 6:15–17లో ఇంకా సూటిగా, మీ దేహాలు క్రీస్తు అవయవాలు, వాటిని తీసుకువెళ్లి వేశ్యకు జతపరుస్తారా అని అడిగాడు. పాపం చేసే వేళ క్రీస్తును బయట నిలబెట్టి లోపలికి వెళ్లలేము, ఆయనను కూడా వెంట తీసుకువెళ్తున్నాము. ఇది తెలిసి కూడా ఈ ప్రశ్నను తేలికగా అడగగలిగేవారు తాము ఆయనకు చెందినవారమో కాదో పరీక్షించుకోవడం మంచిది.

ఈ వారం పాపంలో పడ్డాను. ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు) దూరంగా ఉండాలా?

పశ్చాత్తాపపడుతున్నారా? అయితే రండి. అయోగ్యంగా తిని తాగకూడదన్న 1 కొరింథీ 11వ అధ్యాయంలోని హెచ్చరికను చూసి మన సంఘాల్లో ఎంతోమంది నెలల తరబడి బల్లకు దూరమవుతున్నారు. అక్కడ పౌలు గద్దించింది, బీదవారు ఆకలితో ఉండగా ముందే తిని తాగి మత్తులైనవారిని. మనిషి తనను తాను పరీక్షించుకోవాలని, ఆలాగు చేసి తినాలని ఆయన అన్నాడు. పరీక్షించుకొని మానుకోవాలని అనలేదు. 1 కొరింథీ 10:16 ప్రకారం ఆ రొట్టె క్రీస్తు శరీరంలో పాలుపుచ్చుకోవడమే. పాపాన్ని వదలనని మొండికేసినవారు, సంఘ క్రమశిక్షణలో ఉన్నవారు మాత్రం ముందు కాపరితో మాట్లాడాలి.

## ముందుకు సాగుతూ

భూమి మీద ఉండగానే అసలు పాపమే లేని స్థితికి చేరుకోవచ్చా?

1 యోహాను 1:8 మనలో పాపం లేదని చెప్పుకోవద్దంటుంది. 3:9 దేవుని మూలంగా పుట్టినవాడు పాపంలో కొనసాగలేడంటుంది. రెండింటినీ కలిపి చదవాలి. అగస్టీను బోధను అనుసరించి ఒక క్రమం చెబుతారు: పతనమైన మనిషి పాపం చేయకుండా ఉండలేడు, క్రీస్తులో ఉన్న మనిషి పాపం చేయకుండా ఉండగలడు, మహిమలో ఉన్న మనిషి పాపం చేయలేడు. మనం మధ్యలో ఉన్నాము. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ సంపూర్ణ ప్రేమ గురించి బోధించినప్పుడు సైతం, అజ్ఞానం, పొరపాట్లు, బలహీనతలు ఈ జీవితంలో ఉంటాయని ఒప్పుకున్నాడు. ఈ శోధనను ఇప్పుడు ఎదిరించడం క్రీస్తులో సాధ్యమే. ఇక ఏనాడూ శోధనే రాదన్న వాగ్దానం మాత్రం ఈ లోకానికి ఇవ్వబడలేదు.

సంఘంలో కులం చూడడం కూడా ఈ పాపాల్లోకి వస్తుందా? అది సమాజపు ఆచారం కదా?

వస్తుంది, అందులో సందేహం లేదు. "నేను క్రీస్తుతోకూడ సిలువవేయబడియున్నాను" అన్న వచనాన్ని మనం వ్యక్తిగత ధ్యానానికి, గోడమీది క్యాలెండరుకు వాడుకుంటాము గాని, అది పుట్టింది భోజనం దగ్గర జరిగిన గొడవలో. అంతియొకయలో కేఫా, అంటే పేతురు, అన్యజనులైన (యూదులు కాని) విశ్వాసులతో కలిసి తినేవాడు. యెరూషలేము సంఘ నాయకుడైన యాకోబు దగ్గర నుండి కొందరు రాగానే వారికి భయపడి వేరైపోయాడు, బర్నబా సైతం ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు అందరి ఎదుట కేఫాను నిలదీశాడు. గలతీ 2వ అధ్యాయంలో ఆ నిలదీత నుండే వాదం సాగి 20వ వచనానికి చేరుతుంది. అంటే, క్రీస్తుతో సిలువ వేయబడ్డానని చెప్పుకునే మనిషి ఎవరి పక్కన కూర్చొని తినడానికి నిరాకరిస్తాడన్నది సువార్తకు సంబంధించిన ప్రశ్నే.

క్రీస్తులో యూదుడని, గ్రీసుదేశస్థుడని భేదం లేదని చెప్పే గలతీ 3:28కి ముందటి వచనం బాప్తిస్మం పొంది క్రీస్తును ధరించుకున్నవారి గురించినది. పెళ్లి సంబంధాల్లోను, సంఘపు పదవుల్లోను, సమాధుల స్థలంలోను పూర్వీకుల కులాన్ని తిరిగి ధరించుకునేవారు ఆ బాప్తిస్మాన్ని నోటితో ఒప్పుకొని చేతలతో కాదంటున్నారు. తాగుడును, వ్యభిచారాన్ని పేరుపెట్టి గద్దించే ప్రసంగవేదిక నుండి ఈ పాపాన్ని కూడా పేరుపెట్టి గద్దించాలి. ఇందులో తాము దోషులమని గ్రహించిన పెద్దలు, కాపరులు దానిని సంఘం ఎదుటే ఒప్పుకోవాలి, ఎందుకంటే కేఫా తప్పు అందరి ఎదుట జరిగింది, అది సరిదిద్దబడింది కూడా అందరి ఎదుటే.